పుట్టింటికి వచ్చే పెట్టెలు

శ్రావణ సోమవారం. పొద్దుటి నుంచి ముసురు. అట్టపెట్టెలు అతికించడానికి మైదా బంక కాచి దించాను. అప్పుడే మా మేనత్త పోయిందని ఇంటి నుంచి కబురు వచ్చింది.

కె.ఆర్.పురంలో ఆమె నడిపిన పెట్టెల షెడ్డులోనే నేను పని నేర్చుకున్నాను. అంత సందడి మనిషి గురించి ఏడుపుగొట్టు మాటలు రాయలేను. ఆమె గెలిచిన రోజు గురించి రాస్తాను.

డెబ్బైల్లో ఒక ఏడాది అట్ట దొరకడం గగనమైంది. షెడ్డు మూతపడేలా ఉంది. హొసకోటెలో లాంతరు గాజులు చేసే ఫ్యాక్టరీకి మేం పెట్టెలిచ్చేవాళ్ళం. గాజులు దించుకోగానే అక్కడి గోడౌను హమాలీలు పెట్టెలను చింపి పారేసేవారు.

“పోయిన పెట్టె పుట్టింటికి రావాలప్పా” అంది అత్త. మూతలు అతికించడం మానేసి, పురికొసతో కట్టే పెట్టె తయారుచేసింది. ఖాళీవి లారీలో వెనక్కి పంపడానికి మేనేజరు ఒప్పుకున్నాడు. వచ్చాయి, కానీ అన్నీ చినిగే వచ్చాయి. ముడి విప్పే ఓపిక ఎవరికుంటుంది?

ఆయుధపూజ నాడు కోత మిషనుకు బొట్టు పెట్టి, ఆ ఊపులోనే కట్టి ఉంచిన పెట్టెల మూతలకూ పెట్టేసింది.

“అత్తా, మేనేజరు తిడతాడు!”

“తిట్టుకోనీ. బొట్టు పెట్టకుండా ఆడబిడ్డను పంపుతారా ఎవరన్నా?”

వారం తిరక్కుండా లారీ వచ్చింది. బొట్టు పెట్టినవన్నీ చెక్కుచెదరకుండా వచ్చాయి! పురికొస కూడా చుట్ట చుట్టి లోపలే పెట్టి ఉంది.

“ఇవి ఏల చింపలేదప్పా?” అనడిగింది లారీలో వచ్చిన హమాలీని.

“పూజ చేసిండేదాన్ని ఎట్ల చింపేదమ్మా? మాకూ బిడ్డలుండారు.”

అత్త రోడ్డు మీదే చప్పట్లు కొట్టింది. పక్క దుకాణంలో ఉన్న బొరుగులన్నీ తెప్పించి లారీ వాళ్ళ ఒళ్ళో పోసింది. “సాకు, సాకమ్మా” అని కన్నడంలో చాలు చాలంటూ వాళ్ళు నవ్వుతూనే ఉన్నారు.

అప్పటి నుంచి పెట్టె బయలుదేరినప్పుడల్లా పాత బొట్టు పక్కన కొత్త బొట్టు పెట్టేది. మూత మీద చోటు చాలకపోతే, “దీనికి వయసయింది” అని నవ్వి, కోసి, గాజుల మధ్య పెట్టే అడ్డలు చేయించేది. ఆ అడ్డలూ నలిగితే కాగితం మిల్లుకు పంపేది. ఏదీ చెత్తకుప్పకు పోలేదు. షెడ్డూ మూతపడలేదు.

ఇవాళ ఆ షెడ్డుకే తాళం వేస్తుంటే హొసకోటె లారీ వచ్చింది. ఖాళీ పెట్టెలు దించాం. పైదాని మూత మీద ఆమె వేలి బొట్లు వరసగా ఉన్నాయి. చివరన ఇంకొకదానికి చోటుంది. కుంకుమ భరిణె కిటికీలోనే ఉంది. మైల కదా, ముట్టలేదు. బంక గిన్నెకు మూత పెట్టి, షెడ్డుకు తాళం వేశాను.