యాకూబ్ ఇంటి ఇనుప అంగీ

ముందే ఒప్పుకుంటున్నాను. నేను పెంచి చెప్పే మనిషిని. గోదావరిఖని బొగ్గుగనిలో పనిచేసిన రోజుల్లో మా క్యాంటీన్ బజ్జీ గురించి నేను చెబితే దాన్ని మోయడానికి నలుగురు కావలసి వచ్చేది. కాబట్టి ఇది చదువుతూ మీరు అక్కడక్కడా కోత వేసుకోండి. కానీ ఛాతీ మీద ఇన్నేళ్లుగా మోస్తున్న ఈ బరువులో కోయడానికేమీ లేదు. నా భార్యకు కూడా చెప్పలేదు. మీకెందుకు చెబుతున్నాను? మీరు నా ముఖం చూడరు గనకనేమో.

ఎనభైల చివర్లో, కమాన్‌పూర్ వైపు ఓపెన్‌కాస్టు గని కోసం మట్టి తీస్తుంటే పాతకాలపు కవచం ఒకటి బయటపడింది. ఇనుప కడియాలు అల్లిన అంగీ. ఏనుగుకు తొడిగినా వదులే. మెకానిక్ యాకూబ్ భాయి దాన్ని ఇంటికి తెచ్చి, గ్రీజు రాసి, మేకుకు తగిలించాడు. తొడుక్కున్న ప్రతి మనిషి జ్ఞాపకమూ దానిలోనే ఉండిపోతుందని, తర్వాత తొడుక్కున్నవాడికి కనిపిస్తుందని వాళ్లమ్మ నమ్మకం. "నక్కో బేటా, నక్కో" అని ఆమె అడ్డుపడుతున్నా వినకుండా, గణపతి పందిరి ముందు రాజు వేషం వేయడానికి నేను అడిగి తెచ్చుకున్నాను.

వేషానికి ముందురోజు తొడిగి చూసుకున్నాం. గనిలో నా జోడీ మల్లేశు తొడిగి, నవ్వి, తీసేశాడు. తర్వాత నేను. వెన్ను చల్లబడింది. కోటగోడ కింద ఒక సిపాయి కనిపించాడు. ఈటె కర్రతో గోడను కొట్టాడు. గోడ డొల్లగా పలికింది. వెనక వస్తున్నవాళ్లకు అతను చెప్పలేదు. గోడ కూలింది. దుమ్ములో ఎవరిదో చెయ్యి కదులుతోంది.

మర్నాడు మొదటి షిఫ్టు. మనుషులు బొగ్గు దగ్గరికి పోకముందే గని పైకప్పును ఇనుప సబ్బలుతో కొట్టి చూడాలి. పైకప్పును మేం బండ అంటాం. గట్టి బండ ఖంగుమంటుంది. వదులైంది ఖాళీ డబ్బాలా డుబ్బుమంటుంది. ఆ రోజు ఆ పని నాది. కొట్టాను. డుబ్బుమంది. చెబితే దుంగలు తెప్పించి ఆనించాలి, షిఫ్టు దాటిపోతుంది, సాయంత్రం పందిరి ముందు జనం నా కోసం ఎదురుచూస్తుంటారు. ఇంతేనా కారణం? ఇంతే. ఎన్నిసార్లు తవ్వినా దాని కింద ఇంకేమీ దొరకలేదు.

"ఏమంటున్నదే బావా, బండ?" అన్నాడు మల్లేశు.

"మీ అత్త చేసిన జొన్నరొట్టె లెక్కున్నది. పో, ఫికర్ చెయ్యకు!"

"గట్లయితే నా పండ్లూడుతయి గని, బండ ఊడది తియ్!"

నవ్వుతూ లోపలికి పోయాడు.

బండ పడింది. ఆ చప్పుడును నేను పది రకాలుగా వర్ణించగలను. వర్ణించను. బండ ఎవరికి చెప్పి పడుతుందని అందరూ నన్నే ఓదార్చారు.

అంగీని తిరిగి ఇచ్చేముందు, మల్లేశు కనిపిస్తాడేమోనని మరోసారి తొడిగాను. ఆ తర్వాత తట్టింది, ఇప్పుడు ఆ డుబ్బు విన్న నా జ్ఞాపకం కూడా ఇందులో ఉందని.

కొన్నాళ్లకు మల్లేశు తమ్ముడు యాకూబ్ ఇంటికి వచ్చాడు. అన్న అందులో ఉంటాడని వాడి ఆశ. నేనక్కడే ఉన్నాను. వాడు అంగీ తొడిగి కళ్లు మూసుకున్నాడు. నేను గుమ్మం వైపు జరిగాను. చాలాసేపటికి కళ్లు తెరిచి నా వైపే చూశాడు.

"ఏం కనవడలే అన్నా. నువ్వే చెప్పు. ఆఖరికి మా అన్న ఎట్లుండె?"

"నవ్వుకుంట పోయిండు," అన్నాను. పెంచకుండా చెప్పిన మాట అదొక్కటే. దాని వెనకే దాక్కున్నాను.

ఇక కోత. ఏనుగు సంగతి అబద్ధం. ఆ అంగీ నాకే బిగుతు. కానీ నేను నిజంగా కల్పించింది ఆ సిపాయిని. తొడిగిన రెండుసార్లూ నాకు గ్రీజు వాసన తప్ప ఏమీ తెలియలేదు. కోటగోడ లేదు, ఈటె లేదు. ఆ డొల్ల చప్పుడును నాకంటే ముందు ఇంకొకడు విని ఊరుకున్నాడని అనుకోవడానికి నాకు వాడు కావలసి వచ్చాడు. విన్నది నేనొక్కణ్ణే.

ఇది రాశాక ఊపిరి కొద్దిగా ఆడుతోంది. మల్లేశుకు ఆడదు.