పక్కింటి వెచ్చదనం

డల్సీ పెంగెల్లీకి అసూయ కొత్త కాదు. చిన్నప్పుడు అక్క జడ చూసి ఏడ్చింది. పెళ్లయ్యాక తోడికోడలి వంటగది చూసి ఏడ్చింది. తమ ఊరు బల్లారట్‌లో ఏటా జరిగే ప్రదర్శనలో తన స్పాంజి కేకుకి రెండో బహుమతి వచ్చినప్పుడల్లా, మొదటి బహుమతి కేకులో ముక్క అడిగి మరీ తిని, “గుడ్లు ఎక్కువేసింది” అని తీర్పు చెప్పిగానీ ఇంటికి వచ్చేది కాదు. ఇవన్నీ ఆమె మొగుడు క్లైవ్‌కి తెలుసు. బస్సు నడిపి రిటైరైన మనిషి, వెనక సీట్లలో గొడవ జరుగుతుంటే రోడ్డు మీదే చూపు నిలపడం అలవాటైనవాడు. ఇంట్లోనూ అంతే.

అయితే ఆ మంటలన్నీ చిన్నవి. అసలు మంట అరవై రెండో ఏట, పక్కింట్లోకి జానీన్ ఫెయిర్‌హాల్ దిగాక మొదలైంది.

డల్సీ జీవితమంతా ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు చుట్టూనే తిరిగింది. ఇద్దరు కొడుకులు అక్కడే ఆడి, మోకాళ్లు పోగొట్టుకుని, పెళ్లిళ్లు చేసుకుని వెళ్లిపోయారు. ఆమె మాత్రం క్లబ్బు క్యాంటీనులో సూపు కాస్తూ ఉండిపోయింది. చలికాలం శనివారాల్లో ఆట ముగిశాక కొద్దిమంది ఆమె ఇంటి వెనక వరండాకి వచ్చేవారు. ఎవరి వంటకం వారు తెచ్చేవారు. సూపు, మాంసమూ బంగాళదుంపా పెట్టి కాల్చిన పాస్టీలు మాత్రం డల్సీవి. వాటి జోలికి ఇంకెవరూ వెళ్లకూడదు. ఒకామె ఒకసారి పాస్టీలు చేసి తెచ్చింది. మళ్లీ తేలేదు.

ఆ వరండాకి ప్రాణం ఎల్మా ట్రెవిన్. మొగుడు పోయిన ముసలామె. వేళ్లు వాతంతో వంకరపోయాయి గానీ నాలుక మాత్రం నిటారుగానే ఉంది. ఆమె ఎక్కడ కూర్చుంటే జనం అక్కడ చేరేవారు. ఆమె, డల్సీ ఇద్దరూ కొడుకుల బురద మేజోళ్లు ఉతుక్కుంటూ స్నేహితులయ్యారు. ఆ తర్వాత ఒకరి పురుడు, ఒకరి చావు, ఒకరి కోడలి పొగరు, అన్నీ ఆ వరండాలోనే మాట్లాడుకున్నారు. డల్సీకి ఎల్మా అంటే ఎంత ఇష్టమంటే, ఎల్మా ఇంకెవరి జోకుకైనా నవ్వితే ఆ జోకు తను ముందే విన్నానని చెప్పేది.

వరండా పక్కన ఇనప పీపాలో కట్టెల మంట వేసేవారు. దక్షిణపు గాలికి పొగంతా మొహాల మీదకొచ్చేది, ముందువైపు కాలేది, వీపు గడ్డకట్టేది. ఎవరూ ఏమీ అనేవారు కాదు, ఇంకో చోటు లేదు కాబట్టి.

అక్కడ చలికాలం మొదలయ్యే జూన్‌లో ఆ ఇంకో చోటు వచ్చింది. మెల్‌బోర్న్ నుంచి వచ్చిన జానీన్, చుట్టూ ఖాళీగా ఉన్న తన చెక్క అరుగు మీద మనిషి కంటే ఎత్తున్న గ్యాసు హీటరు నిలబెట్టింది. పుట్టగొడుగులా పైన గొడుగు, కింద సిలిండరు. పొగ లేదు, బూడిద లేదు. కంచె మీదుగా అందరినీ పిలిచింది. పాపం, మంచి మనిషే. మంచి మనిషి కావడమే డల్సీకి మరీ కష్టమైంది, తిట్టుకోవడానికి ఒక్క పుల్ల కూడా దొరకలేదు.

“ఒక్కసారి చూసొస్తానే,” అని వెళ్లింది ఎల్మా. మరుసటి శనివారం కూడా చూసొచ్చింది. ఆ పై శనివారం చెప్పకుండానే వెళ్లింది.

ఆ సాయంత్రం డల్సీ, క్లైవ్ ఎదురెదురుగా కూర్చుని కుండెడు సూపు తాగుతున్నారు. కంచె అవతల నుంచి ఎల్మా నవ్వు వినిపించింది. పొట్ట పట్టుకుని నవ్వే నవ్వు అది. డల్సీకి ఒళ్లు మండిపోయింది.

“మనల్నీ పిలిచిందిగా, వెళ్దామా?” అన్నాడు క్లైవ్.

“నువ్వెళ్లు. నీ పరుపు కూడా అక్కడే వేయించుకో.”

“చేతులు వెచ్చగా ఉంటాయని వెళ్తోంది ఎల్మా. అంతకు మించి ఏం లేదు.”

“పొరుగింటి పుల్లకూర రుచి. ఇన్నేళ్లూ నా మంట దగ్గర ఆవిడ చేతులేమైనా ఊడిపోయాయా?”

క్లైవ్ మళ్లీ రోడ్డు మీద చూపు నిలిపాడు.

సోమవారం పొద్దున్నే డల్సీ హార్డ్‌వేరు దుకాణంలో ఉంది. అమ్మే అతను ఓపికగలవాడు. ఎక్కడ పెడతారు, పైన కప్పుందా, పక్కలు మూసి ఉంటాయా అని అడిగాడు. రేకుల కప్పున్న వరండా అని చెప్పగానే గోడకి బిగించే కరెంటు హీటరు చూపించాడు. పొడుగాటి చిన్న పెట్టె, ఎర్రటి గీత వెలుగుతుంది.

“దీంతో గ్యాసు గొడవ లేదు, గాలికి ఆరదు. మీ వరండాకి ఇదే సుఖం.”

డల్సీ దాన్ని చూసింది. కంచె అవతలి నుంచి అది కనిపించదు. కనిపించని హీటరు కొని ఏం ప్రయోజనం?

“ఆ పొడుగుది ఎంత ఎత్తు?” అంది.

“గ్యాసుదా? అది ఆరుబయట పెట్టేది అమ్మా. కప్పు కింద పెట్టాలంటే పైన మీటరు ఖాళీ ఉండాలి, కనీసం రెండు పక్కలు పూర్తిగా తెరిచి ఉండాలి. తెరలుంటే దింపకూడదు.”

“రెండు పక్కలూ తెరిచే ఉంటాయి,” అంది డల్సీ. ఆ మాట అంటున్న నిమిషానికి అది నిజమే. నిరుడు క్లైవ్ బిగించిన పారదర్శకపు ప్లాస్టిక్ తెరలు అప్పుడు పైకి చుట్టే ఉన్నాయి. బల్లారట్ గాలికి ఆ వీధిలో సగం ఇళ్లకి అలాంటివే ఉన్నాయి. దించి, మూలల్లో జిప్పులు లాగితే వరండా గదైపోతుంది. అందుకే కదా కొనుక్కునేది. డల్సీ జానీన్ దానికంటే పెద్ద గ్యాసు హీటరు ఏరి మరీ కొనుక్కొచ్చింది.

క్లైవ్ తన వంతు పని శ్రద్ధగా చేశాడు. చదునైన చోటు చూసి నిలబెట్టాడు. టేపుతో కప్పుదాకా కొలిచాడు. గొట్టం బిగించిన చోట సబ్బునీళ్లు రాసి, బుడగలు రావడం లేదని చూపించాడు. డల్సీ ఇవేవీ పట్టించుకోలేదు. ఎల్మాకి ఫోను చేస్తోంది.

“ఈ శనివారం నా దగ్గరే. నా హీటరు జానీన్ దానికంటే పెద్దది.”

“జానీన్‌కి వస్తానని మాటిచ్చానే తల్లీ.”

డల్సీ ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం అంటే ఏమిటో ఎల్మాకి తెలుసు.

“సరేలే,” అంది ఎల్మా. “జానీన్‌ని కూడా పిలువు. అందరం నీ దగ్గరికే వస్తాం.”

పిలిచింది. పళ్ల బిగువున నవ్వుతూ, కంచె మీద నుంచి, “మీరూ రండి, ఏదైనా చేసుకుని తీసుకురండి” అని పిలిచింది. పాస్టీలు తప్ప అని కూడా చెప్పింది.

శనివారం వాన, దానికి తోడు గాలి. హీటరు వెలిగించడం, గాలి వచ్చి ఆర్పడం. రెండోసారి ఆరగానే ఎల్మా శాలువా బిగించుకుంది. డల్సీ అది చూసింది. ఇంకో నిమిషం ఆగితే ఎవరో ఒకరు కంచె వైపు చూస్తారు. ఆమె లేచి తెరలు దించడం మొదలుపెట్టింది.

“డల్సీ, అవి దింపకూడదన్నాడని నువ్వే చెప్పావు,” అన్నాడు క్లైవ్. “పోనీ ఇంట్లో కూర్చుందాం.”

“ఇంట్లో కూర్చోడానికా ఇది కొన్నది? ఆ దుకాణంవాడికేం తెలుసు మన గాలి సంగతి? కింద జానెడు సందు వదిలాలే.”

జిప్పులు లాగింది. ఈసారి మంట నిలబడింది. కాసేపటికి వరండా హాయిగా వెచ్చబడింది. కోట్లు విప్పారు. సూపు గిన్నెలు చేతులు మారాయి. ఎల్మా హీటరుకి అందరికంటే దగ్గరగా కూర్చుని, వంకర వేళ్లు చాపి కాచుకుంటూ, క్లబ్బు అంపైరు పెళ్లాం గురించి పాత కథ ఎత్తుకుంది. ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. ఆ బుగ్గలు చూసి డల్సీకి కలిగిన తృప్తి ఇంతా అంతా కాదు. రెండో పాస్టీ తనే ఎల్మా పళ్లెంలో పెట్టింది.

జానీన్ ఆలస్యంగా వచ్చింది, చేతిలో పాలకూర పెట్టి కాల్చిన వంటకం. తెర జిప్పు తీసుకుని లోపలికొచ్చి, మళ్లీ మూయకుండా అక్కడే నిలబడిపోయింది.

“డల్సీ గారూ, గ్యాసు హీటరు పెట్టుకుని ఇలా మూసేయకూడదండి. నా దాని మీద కూడా రాసుంది. కొంచెం తెరలు ఎత్తుదామా?”

వచ్చింది కడుపుమంట, అనుకుంది డల్సీ. ఇన్నాళ్లూ తను పడ్డది ఇప్పుడు ఎదుటామె పడుతోందని, ఆ ఒక్క మాటకే ఆమెకి ప్రాణం లేచొచ్చింది.

“మీ అరుగు మీద మీ ఇష్టం. మా వరండా సంగతి మాకు తెలుసులెండి. ఆ జిప్పు మూసి లోపలికి రండి, చలి వస్తోంది.”

“మీరెవరికీ తలనొప్పిగా లేదూ?” అని జానీన్ అందరినీ అడిగింది.

ఎవరూ పలకలేదు. పిలిచిన ఇంట్లో వడ్డించిన సూపు తాగుతూ తలనొప్పి అని ఎవరంటారు? అందులోనూ డల్సీ ఇంట్లో. చివరికి ఎల్మాయే చెయ్యి ఊపింది.

“కూర్చో జానీన్. బాగానే ఉంది ఇక్కడ.”

డల్సీ గెలిచింది. జానీన్ జిప్పు మూసి, గుమ్మం దగ్గరే ఒక మూల కూర్చుంది.

ఎల్మా అంపైరు పెళ్లాం కథ మళ్లీ మొదలుపెట్టింది. సగంలో ఆగింది. అందరూ నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. తర్వాతి మాట రాలేదు. చేతిలోని పాస్టీ ఒళ్లో పడింది, మెడ పక్కకి వాలింది. అప్పుడు డల్సీ చేసిన పని ఆమె తర్వాత ఎవరికీ చెప్పుకోలేదు. ముందు ఎల్మాని చూడలేదు, జానీన్ మొహం చూసింది.

జానీన్ అప్పటికే లేచి జిప్పులు చింపినంత పని చేస్తోంది. క్లైవ్ వంగి గ్యాసు కట్టేశాడు. డల్సీకి అప్పుడు కదలిక వచ్చింది. తనూ జానీనూ చెరో పక్క పట్టుకుని, ఎల్మాని కుర్చీతో సహా వానలోకి, గడ్డి మీదకి మోసుకుపోయారు. మిగతావాళ్లు తూలుకుంటూ బయటికొచ్చారు. ఒకామె గులాబీ మొక్కల్లో వాంతి చేసుకుంది. జానీన్ తన కోటు ఎల్మాకి కప్పి అంబులెన్సుకి ఫోను చేసింది. డల్సీ తడిసిన గడ్డి మీద మోకాళ్ల మీద కూలబడి, “ఎల్మా, నాతో మాట్లాడవే, ఏదో ఒకటి మాట్లాడు” అని ఆ వంకర వేళ్లు రుద్దుతూనే ఉంది. అంబులెన్సు వచ్చేలోపు ఎల్మా కళ్లు తెరిచి, “వానేమిటే” అంది.

ఆసుపత్రిలో రాత్రంతా ప్రాణవాయువు పెట్టారు. మూసిన చోట గ్యాసు మండితే వాసన లేని విషపు గాలి పుడుతుందనీ, ముందు తలనొప్పి, తర్వాత మగత, ఆ తర్వాత ఇక లేవడం ఉండదనీ డాక్టరు చెప్పింది. ఇంకాస్త సేపైతే ముసలామె దక్కేది కాదని కూడా చెప్పింది. క్లైవ్ తల వంచుకుని విన్నాడు. డల్సీ తల వంచుకోవడం అతను మొదటిసారి చూశాడు.

మర్నాడు డల్సీ వెళ్లేసరికి మంచం పక్కన జానీన్ ఉంది. ఎల్మా ఇంటి నుంచి చెప్పులు, నైటీ, కళ్లజోడు తెచ్చింది. ఎల్మా తన ఇంటి తాళం ఎవరికి ఇచ్చిందో తెలియగానే, సిగ్గుతో చచ్చిపోతున్న ఆ సమయంలో కూడా, డల్సీకి చురుక్కుమంది. అసూయకి సిగ్గు ఉంటే ఇంత దూరం వచ్చేదే కాదు. జానీన్ మంచిమాట ఒకటి చెప్పి, భుజం తట్టి వెళ్లిపోయింది.

డల్సీ కుర్చీలో కూర్చుంది. దుప్పటి అంచు సర్దింది.

“తలనొప్పి ఎప్పుడు మొదలైందే?” అంది.

“మొదటి పాస్టీ అప్పుడే. రెండోది పెట్టేసరికి కళ్లు తిరుగుతున్నాయి.”

“మరి జానీన్ అడిగినప్పుడు చెప్పలేదేం? బాగానే ఉందన్నావు.”

ఎల్మా ముక్కు దగ్గరి గొట్టం సవరించుకుంది. ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

“చెబితే ‘అయితే పో, ఆవిడ దగ్గరికే పో’ అనేదానివి. ఇన్నేళ్ల తర్వాత నీ నోట ఆ మాట వినే కన్నా తలనొప్పే నయమనిపించింది.”

అనేదాన్ని కాదు అని చెప్పబోయింది డల్సీ. నోరు తెరిచింది కూడా.

అనేదే.