లేత్ మిషన్ ఇంటికి వచ్చిన రోజు

మొన్న మా వీధిలో కొత్తగా పెట్టిన వెల్డింగ్ షాపుకు క్రేన్‌తో బరువైన మిషన్ దించుతుంటే, గేటు పట్టుకుని కాసేపు చూసి, చివరిదాకా నిలబడలేక లోపలికి వచ్చి మంచం మీద కూర్చున్నాను. మోకాళ్ల నొప్పులనుకుంది మా కోడలు. నేనూ అవుననే అన్నాను.

మా ఆయన వనపర్తిలో అద్దె షెడ్డులో సొంత లేత్ మిషన్ పెట్టుకుని, ఇనుమును తిప్పి చెక్కే పని చేసేవారు. బోరు మోటారు షాఫ్టు అరిగినా, ట్రాక్టర్ పిన్ను విరిగినా రైతులు ఆయన్నే వెతుక్కుంటూ వచ్చేవారు. రోజూ గద్వాల నుంచి బస్సులో పోయి రావడంతో నడుము దెబ్బతిని, ఇక ప్రయాణాలు వద్దని దవాఖానలో గట్టిగా చెప్పాక, మిషన్‌నే ఇంటికి తెచ్చుకుందామనుకున్నాం. ఇంటి పక్కన రేకుల షెడ్డు వేసి, మందంగా కాంక్రీటు పోయించి, అది గట్టిపడేదాకా పూటపూటా నేనే నీళ్లు చల్లాను. ఆయన మోటారు, ఇనుప ముక్కను పట్టి తిప్పే చక్కు ముందే విప్పి విడిగా పంపించారు. ఇక మిగిలింది ఆ ఇనుప మొండెం. దాన్ని ట్రాక్టర్ ట్రాలీలో తెచ్చాం.

దించడానికి నలుగురు హమాలీలు, లింగాల నుంచి వచ్చిన మా తమ్ముడు. ట్రాలీ నుంచి నేలకు రెండు దుంగలు వాలుగా పెట్టి, మిషన్ కింద పైపులు వేసి, వెనక నుంచి తాళ్లతో బిగబట్టి కొద్దికొద్దిగా జారుస్తున్నారు. వంగలేని ఆయన పక్కన నిలబడి, ఎదురుగా ఎవరూ రావద్దని పదేపదే చెబుతూనే ఉన్నారు. సగం దిగాక ఒక తాడు పుటుక్కున తెగింది. మా తమ్ముడు ఎదురెళ్లి భుజం ఆనించాడు.

“ఇడ్సిపెట్టు! మిషన్ పోతే పోనీ, పక్కకు దుంకు!” అని ఆయన అరిచారు.

అదే క్షణంలో నేనూ అరిచాను. “ఇడ్వకు తమ్మీ, పట్టుకో!”

వాడు ఆయన మాటే విని పక్కకు దూకాడు. మిషన్ పక్కకు ఒరిగి బండ మీద పడింది. మరలు కోసే పొడవాటి స్క్రూ వంగిపోయింది. ఆయన అటు చూడనైనా చూడకుండా మా తమ్ముడి కాళ్లు తడిమారు.

“గట్టిగ పట్టుకుంటే ఆగుతుండె బావా,” అని వాడు ఏడ్చాడు.

“ఆగకపోతుండె. నీ కాళ్లు పోతుండె,” అన్నారాయన.

ఆ తర్వాత మరలు కోసే పని వేరే వాళ్లకు పంపించి, మామూలు పనితోనే ఆయన మిగతా ఏళ్లు గడిపారు. నా కేక గురించి ఒక్కనాడూ అడగలేదు. నా తోడబుట్టినవాడి కంటే ఇనుము ఎట్లా ఎక్కువైందో నాకు ఇప్పటికీ తెలియదు. ఇంటి ఖర్చు, పిల్లల చదువు, ఆయన నడుము అన్నీ కలిసి నా నోటితో అరిచాయేమో.

ఇప్పుడు ఆయన లేరు. షాఫ్టు అరిగితే కొత్తది కొంటున్నారు తప్ప బాగుచేయించేవారు లేరు. మా తమ్ముడు అప్పుడప్పుడు వస్తాడు, టీ తాగి, చీకటి పడకముందే బస్సెక్కుతాడు. ఆ రోజు నా కేక నీకు వినబడిందా అని అడగాలనుకుంటాను. ఒకప్పుడు ఇంటినిండా మనుషులుండి అడగలేకపోయాను. ఇప్పుడు మేమిద్దరమే ఎదురెదురుగా కూర్చుంటే, అడిగే ఓపిక నాకూ లేదు, బదులు చెప్పే ఓపిక వాడికీ లేదు.