కోడలు బతికించిన పిల్లోడు

నాకు అక్షరాలు వచ్చింది అరవై నాలుగో ఏట. అవి రావడానికి కారణం నా కోడలు చెప్పిన అబద్ధం.

మాది పెనుకొండకూ హిందూపురానికీ నడుమ రోడ్డు పక్క ఊరు. ఎకరా మల్బరీ, ఒక పురుగుల షెడ్డు, నేను, నా కోడలు. మనవరాలు ధర్మవరంలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతాంది. నా కొడుకు బోరు మోటారు కాడ కరెంటు కొట్టి చచ్చిపోయి అప్పటికి ఆరేండ్లు. ఇట్ల రాస్తాండాను గానీ, ఆ ఆరేండ్లూ మా ఇంట్లో ఆ మాట ఎవరమూ అనలేదు. కోడలు "ఆయన ఉన్నప్పుడు" అనేది. "ఆయన పోయినాక" అని మాత్రం ఒక్క దినం కూడా అనలేదు. ఆమె అనలేదని నేనూ అనలేదు. నోటి దురుసు మనిషి అని ఊరంతా పేరున్నదాన్ని, ఆ ఒక్క మాట కాడ మూగదాన్ని అయినా.

ఆ దినం గూళ్ళు విడిపిస్తాంటిమి. పట్టుపురుగు గూడు కట్టుకునే వెదురు తట్టల్ని చంద్రికలంటారు. వాటిలోంచి ఒక్కొక్క గూడూ వేలితో లాగి, పైన బూజు తీసి, గంపలో వేయాల. మర్నాడు పొద్దున్నే హిందూపురం మార్కెట్టుకు చేర్చాల. చేతులకు పనేగానీ కండ్లకు పని లేదు. కాలేజీలో సారు చూడమన్నాడని మనవరాలు ఫోన్లో ఎక్కించి పోయిన ఇంగ్లీషు సినిమా ఒకటుంటే, కోడలు దాన్ని నీళ్ళ బిందెకు ఆనించి పెట్టింది. కింద తెలుగు అక్షరాలు పడతాంటాయి. పదో తరగతి చదివిన కోడలు అవి చదివి చెప్పాల, నేను వినాల.

పాతకాలం అమెరికా. నల్లోళ్ళకు ఒక కొళాయి, తెల్లోళ్ళకు ఒక కొళాయి. ఊరందరి బట్టలూ ఉతికి బతికే ఒక నల్ల తల్లి, ఆమెకు ఒక్కడే కొడుకు. వాడు రైలు స్టేషన్లో తెల్లోళ్ళ బెంచీ మీద కూర్చుంటాడు. అంతే వాడు చేసిన తప్పు. దానికి వాళ్ళు వాణ్ణి పీకి కింద పడేస్తే నేను నోటికొచ్చినట్ల తిట్టినా. తిడతాంటే మా నాయన అరుగు గుర్తొచ్చింది. దాని మీద ఎవరు కూర్చోవచ్చో, ఎవరు కింద నిలబడాల్నో మా నాయన చూపుతోనే చెప్పేవాడు. ఆ నిలబడినోళ్ళ దోసిట్లోకి పైనుంచి నీళ్ళు పోసింది నేనే. తిట్టేది ఆపి గూళ్ళ మీదికి వంగినా. అబద్ధమెందుకు, కాసేపటికి మళ్ళా తిట్టినా.

తర్వాత నలుగురు తెల్లోళ్ళు ఆ పిల్లోణ్ణి కారులో ఎక్కించుకొని పోయినారు. కోడలు చదివేది ఆపింది.

"ఏమ్మే, యాడికి తీసకపోయినారు వాణ్ణి?"

"ఉద్యోగానికి" అంది.

రైల్వేలో ఉద్యోగం వచ్చిందంట, దూరం ఊరంట. మరి తల్లి ఎందుకు అట్ల ఏడుస్తాంది అంటే, ఒక్కడే కొడుకు దూరం పోతే ఏడవదా అంది. న్యాయమే అనుకున్నా. ఇంకాసేపటికి అందరూ నల్లబట్టలేసుకొని చర్చిలో కూర్చున్నారు, నడుమ పొడుగాటి పెట్టె. ఆ పెట్టె ఏమంటే, వాళ్ళ దేశంలో ఉద్యోగానికి పొయ్యేవాళ్ళ సామాను అట్లనే పెట్టెలో పెట్టి, దేవుడి ముందర ఉంచి పంపిస్తారంట. అంత పెద్ద పెట్టె నిండా ఏం సామానమ్మే అంటే, చలి దేశం అత్తా, దుప్పట్లు శానా కావాల అంది. నేను నమ్మినా. చలి దేశమే కదా.

కోడలి గుట్టు బయటపెట్టింది ఒక చొక్కా. ఆ తల్లి కొడుకు చొక్కాను కొక్కెం నుంచి తీసి, కాలరులో మొహం పెట్టుకొని వాసన చూసింది. ఊరందరి చొక్కాలూ ఉతికే మనిషి ఆ ఒక్కదాన్ని ఉతక్కుండా మడిచి లోపల పెట్టింది. ఉద్యోగానికి పోయినోడి చొక్కాను ఏ తల్లీ అట్ల దాచదు. అట్లాంటి చొక్కా మా ఇంట్లోనూ ఉండాది, నీలం గీతలది, కోడలి బీరువాలో కింది అరలో. అది ఉండాదని నాకు తెలుసు. నాకు తెలుసని ఆమెకు తెలీదు.

"చంపేసినారు కదమ్మే వాణ్ణి" అన్నా.

ఆమె గంపలోకే చూస్తా, "పురుగుల షెడ్డులో చావు మాట అనగూడదు అత్తా" అంది.

నిజమే. పట్టుపురుగులు మేపే ఇండ్లలో ఆ పట్టింపు ఉండాది. చావింటికి పోయొచ్చినోళ్ళను షెడ్డు గడప కూడా తొక్కనీము. మా ఇంట్లో దాన్ని గట్టిగా పట్టిందీ నేనే.

"అది పురుగులు మేసేటప్పుడమ్మే. ఇప్పుడు గూడు కట్టుకొని లోపల పడుకోనుండాయి, వాటికేం వినపడతాది?"

ఆమె నవ్వబోయింది. నవ్వు సగానికి వచ్చి ఏడుపు అయింది. నాకోసం దాచినావా అని అడిగితే తల అడ్డంగా ఊపింది. "నా నోట్లోంచే రాలేదత్తా" అంది.

ఓదార్చేది నాకు చేతకాదు. ఇంకో చంద్రిక ఆమె ముందరికి తోసి, ఇంక నువ్వు చదివేది నేను నమ్మను, నాకే అక్షరాలు నేర్పు అన్నా. కోపంతోనే అన్నా. మర్నాడు గూళ్ళు అమ్ముకొని వస్తా వస్తా ఆమె హిందూపురం నుంచి పలక తెచ్చింది. అది కూడా కోపంతోనే తెచ్చినట్లుంది.

ఇంక ఆ పలక ముందర ఆమె అత్త, నేను కోడలు. చేయి వంకర పోతే వేలి మీద కొట్టేది. ఇన్నేండ్ల బాకీ అంతా తీర్చుకుంది. ఆదివారం మనవరాలు వచ్చి నా పలకకు మార్కులేసి, "పాస్ మార్కులే అవ్వా" అని పొయ్యేది. ఏడాదికి బస్సు బోర్డులు చదివినా. అంతకు ముందు "ఏమప్పా, పెనుకొండ పోతాదా?" అని డ్రైవరును అడిగి ఎక్కేదాన్ని. ఇప్పుడూ అడుగుతాను, బోర్డూ అతనూ ఒకటే చెప్తాండారా అని చూసేదానికి.

అప్పుడు ఆ సినిమానే మళ్ళా పెట్టమన్నా. ఈసారి చదివేది నేను, వినేది ఆమె. ఒక్కో వాక్యానికీ ఫోన్ని వేలితో ఆపి, కూడబలుక్కొని చదివితే సినిమా ముగిసేదానికి మూడు పంటల గూళ్ళు పట్టింది. కోర్టు కాడికి వచ్చినాము. నీ కొడుకు జారి ఏట్లో పడినాడని కాగితంలో ఉండాది అంటాడు తెల్ల జడ్జి. తల్లి లేచి నిలబడింది. నేను వేలు పెట్టి ఆపి మొదలుపెట్టినా. "నా కొడుకు జారి పడలేదు. చంపితే..."

తర్వాతి మాట కాడ ఇరుక్కున్నా. నాటకం కాదు, ఒత్తులు నాకు ఇప్పటికీ కష్టమే. కోడలు కాసేపు చూసింది. తప్పు దిద్దే గొంతుతోనే, చేతిలో పని ఆపకుండా, "చచ్చిపోయినాడు" అంది.

అని ఆగింది. నేను ఆమె మొహం చూడలేదు. అక్షరాల మీదనే వేలు పెట్టుకొని, "చంపితే చచ్చిపోయినాడు. అట్లనే రాసుకోండి" అని మిగిలింది చదివేసినా.

ఇద్దరమూ కలిసి ఒక చంద్రిక ఖాళీ చేసినాము. అప్పుడు ఆమె అంది. "నా కతలో ఐతే ఈపాటికి వాడు స్టేషన్ మాస్టరు అయ్యుంటాడు అత్తా. ఆ బెంచీ మీద ఎవరైనా కూర్చోవచ్చు."

"దుప్పట్లు సరిపోయినాయో లేదో" అన్నా.

ఈసారి నవ్వు సగంలో ఆగలేదు. నవ్వుతా నవ్వుతానే గంప నింపింది.