పాత షాకబ్జర్ల మీద సీమంతం సారె

మా అక్క సీమంతం సారెనీ, మా ఇంటి పరువునీ ఒకే బండిలో వేసుకెళ్లి, రెండింటినీ ఒకేసారి పిండి చేసిన ఘనుణ్ణి నేను. నవ్వుకోండి, ఏమీ అనుకోను. మండపేటలో ఈపాటికే నవ్వని వాళ్లు లేరు.

అప్పట్లో బియ్యం బస్తాలు తోలే పికప్ ఒకటి ఉండేది నాకు. ఫోన్లో వీడియోలు చూసి చూసి, నేలని రాసుకుంటూ పోయేదే బండి, మిగతావన్నీ ఎడ్లబళ్లేనని పిచ్చి పట్టుకుంది. అమ్మని ఒప్పించాలిగా!

"ఏడో నెల అక్క అంతెత్తు ఎలా ఎక్కుద్దమ్మా? సీమంతం అవగానే పురిటికి తీసుకురావాల్సింది మనమేగా. బండి నాలుగంగుళాలు దించితే గడప దాటినట్టు ఎక్కేస్తుంది" అన్నాను.

తోబుట్టువంటే ఇంత ప్రేమా అని అమ్మ కళ్లొత్తుకుంది. నాకే ఏడుపొచ్చినంత పని అయింది.

మెకానిక్ సత్తిబాబు గారు బండి కిందకి దూరి చూసి బయటికొచ్చారు.

"దించుతానండి. కానీ షాకబ్జర్లు కూడా పొట్టివి మార్చాలండి. ఇవి పాత ఎత్తుకి సరిపోయేవి. బండి దిగిందంటే ఎప్పుడూ సగం నొక్కుకునే ఉంటాయి. గొయ్యి తగిలితే ఇంక నొక్కుకోడానికి చోటుండదండి."

"అవి బయటికి కనపడతాయాండీ?"

"కనపడవండి."

"మరి కనపడని దానికి సోకులెందుకండీ?"

"మీ ఇష్టమండి. నడుం మీది" అన్నారాయన.

సీమంతం రోజు పొద్దున్నే అమ్మా, నేనూ బయల్దేరాం. ఆత్రేయపురంలో పూతరేకులు డబ్బాల నిండా సర్దించుకుని, మొగల్తూరులో అక్క అత్తవారింటికి దారి పట్టాం. పూతరేకు సంగతి మీకు తెలుసుగా. గట్టిగా ఊపిరి వదిలితే చిరుగుతుంది. కాలవ గట్టు రోడ్డు సంగతి కూడా తెలుసుగా. అక్కడ గోతుల మధ్య రోడ్డుంటుంది.

మొదటి గోతికే ధడ్ మంది. అమ్మ తల టాపుకి తగిలింది.

"ఒరేయ్, కింద ఏదో విరిగిందిరా!"

"ఏం విరగలేదమ్మా. బండి రోడ్డుని పట్టుకుని పోతోంది."

"రోడ్డునేమోగానీ నా నడుం పట్టేసింది. ఆపరా, సచ్చినోడా!"

బయటికి పల్లకీల మోత, లోపల నడుముల మోత. దారిలో జనం మాత్రం బండిని తెగ చూశారు. సోకు చూస్తున్నారనుకుని మీసం దువ్వుకున్నాను. అమ్మ కేకలు విని చూస్తున్నారని నాకేం తెలుసు!

మొగల్తూరులో వీధి వీధంతా సారె చూడ్డానికి వచ్చేసింది. సారెని బట్టే కదండీ పుట్టింటి మర్యాద. అక్క పట్టుచీర కట్టుకుని, మెడ ఓ జానెడు సాచి కూర్చుంది. అక్క అత్తగారు మొదటి డబ్బా మూత తీశారు. లోపలికి చూశారు. రెండోది తీశారు. మూడోది తీశారు.

"ఇదేంటి వదినగారూ, రేకులు తెచ్చారా, రవ్వ తెచ్చారా?" అని అమ్మని అడిగారు.

అమ్మ నా వంక చూసింది. అక్క మెడ కిందికి దిగిపోయింది.

"కొత్త రకమండి అత్తయ్యగారూ! స్పూనుతో తినాలి" అన్నాను.

వీధంతా ఒక్కసారిగా ఘొల్లుమంది. అక్క కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నిజం చెప్తున్నాను, ఆ క్షణాన ఆ డబ్బాలోకి దూరి మూత పెట్టేసుకోవాలనిపించింది.

అక్క అత్తగారు మాత్రం నవ్వలేదు. వీధిలోకొచ్చి నా బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు. తలుపు తీసి, అమ్మ నడుం పట్టుకుని కూర్చున్న సీటు చూశారు.

"ఇందులోనేనా మా కోడల్ని పురిటికి తీసుకెళ్లేది?"

"అవునండి. ఎక్కడానికి సులువని దించానండి."

"ఎక్కడం సరే నాయనా. ఆత్రేయపురం నుంచి ఇక్కడికొచ్చేసరికి రేకులకే ఈ గతి పట్టింది. మండపేట చేరేసరికి నా మనవడి గతేంటి?"

బావ కారు తాళాలు తీశారు. అక్క కారెక్కింది. నన్ను కన్నతల్లి కూడా నా వంక చూడకుండా ఆ కారే ఎక్కింది. నా బండిలో ఖాళీ డబ్బాలు పెట్టించారు.

"నిదానంగా పోనీరా, సొట్టలు పడతాయ్" అంది అక్క.

కాబట్టి పాఠక మహాశయులారా, మీ అందరి ఎదుటా ఎడంచెయ్యి నడుం మీదా, కుడిచెయ్యి గుండెల మీదా వేసుకుని ప్రమాణం చేస్తున్నాను. షాకబ్జర్లు మార్చకుండా ఈ జన్మలో బండి దించను. మార్చి దించినా, అందులో ఎక్కే మనిషి మా ఇంట్లో లేరు.