ఫోటోల వెనక పేర్లు

ఈ ఉదయం నా బల్ల మీద ఉన్నవి ఇవి: అట్ట పలకలు నాలుగు, గిన్నెలో గోరువెచ్చని నీళ్లు, దూది, మొద్దుబారిన బ్లేడు, భూతద్దం, ఒక తెల్లకాగితం. మనిషిని నేనొక్కడినే. మొదటి అట్ట తడవగానే పాత గంజి వాసన లేచింది. మగ్గాల ఇంట్లో పుట్టినవాడికి అది పరాయి వాసన కాదు. మా అమ్మ పడుగుకు పట్టించేది ఆ గంజే. కాని ఈ అట్టల మీది గంజి నేను కాచింది. ఏడేళ్లయినా వాసన పోలేదు.

ఫోటోలు ఈశ్వరయ్య కాకవి. చిట్యాల దగ్గర మా ఊళ్లో ఆయన ఇల్లూ మా ఇల్లూ ఒకే వాడలో ఉండేవి. చుట్టరికం లేదు, పిలుపు మాత్రమే. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో విమానాల రెక్కలకు గుడ్డ కుట్టే మనుషులు కావాలంటే, మగ్గం దిగి వెళ్లినవాడు. ఆ కాలపు చిన్న విమానాల్లో చాలావాటికి రెక్క అంటే చెక్క చట్రం, దాని మీద బిగించి కుట్టిన నారగుడ్డ, ఆ పైన ఒక పూత. ఆ పూతకు బాగా మాగిన అరటిపండు వాసన ఉండేదట. తిరిగి వచ్చాక ఆయన అరటిపండు ముట్టలేదు.

నేను పాలిటెక్నిక్‌లో చదివేటప్పుడు సెలవులకు వచ్చి, నేను గీసిన విమానం రెక్క పటాన్ని ఆయనకు చూపించాను. చాలాసేపు చూసి, "కుట్టేది?" అన్నాడు.

"పటంలో కుట్టు చూపియ్యరు కాకా."

"గాలి కుట్టునే దేవులాడుతది బిడ్డా. నీ గీతను జూస్తదా?"

నా చదువు మొత్తంలో నాకు పనికొచ్చిన మాట అదొక్కటే. ఇప్పటికీ ఏ పటం గీసినా ముందు అతుకు గీస్తాను, తర్వాతే మిగతాది.

కాక పనిచేసిన విమానాల కర్మాగారంలో కెమెరా పిచ్చి ఉన్న అధికారి ఒకడు ఉండేవాడట. బాగుచేసిన ప్రతి విమానాన్నీ ఫోటో తీసి, వెనక దాని నంబరు, రెక్క కుట్టిన ముగ్గురి పేర్లు ఇంగ్లీషులో రాసి, సంతకం చేసి కాకకు ఇచ్చేవాడు. అలాంటివి ముప్పై ఎనిమిది. హైదరాబాదులో విమానాల ప్రదర్శన జరిగినప్పుడల్లా కాక వాటిని తువ్వాలలో చుట్టుకుని బస్సెక్కేవాడు. పాత టైగర్ మాత్ విమానాన్ని నిలబెట్టిన చోట, తాడు ఇవతల నిలబడి వచ్చినవాళ్లకు చూపించేవాడు. ఎవరికిచ్చినా బోర్లా ఇచ్చేవాడు. ఒకసారి నేను పక్కనే ఉన్నాను. తలపాగా మనిషి ఒకాయన ఫోటో అందుకుని విసుక్కున్నాడు.

"ఇమానమేది పెద్దమనిషీ? అన్నీ గీతలే ఉన్నయి."

"ఇమానం యాడికి వోదు. ముందుగాల కుట్టినోళ్ల పేర్లు సదువు, తర్వాత తిప్పు."

"నాకు ఇంగ్లీషు రాదు."

"నాకు గుడ రాదు. నేను జెప్త, నువ్వు ఇను."

పేర్లన్నీ ఆయనకు కంఠతా వచ్చు. మూడు పేర్లూ విన్నాకే అవతలివాడు ఫోటో తిప్పాలి. అది ఆయన పద్ధతి.

నాకు నల్లగొండలో పటాలు గీసే ఉద్యోగం వచ్చిన ఏడాది, ప్రదర్శనలో పాత ఫోటోలకు ఒక బల్ల కేటాయించారు. కాకవి అట్టల మీద అమర్చి పెడదామన్నాను. ఆయన తువ్వాల ముడి వెంటనే విప్పలేదు.

"ఎనక రాసింది ఎట్ల గనవడుతది?"

"వివరాలన్నీ కింద రాస్త కాకా."

"అన్నీనా?"

"అన్నీ."

నేను రాసినవి: విమానం రకం, ఇంజను, రెక్కల పొడవు, వేగం, కూర్చునేవారి సంఖ్య. పేర్లు కొలతలు కావు గనుక రాయలేదు. విడిగా నకలు కూడా తీసుకోలేదు. ఫోటో మూలలను పట్టి ఉంచే నల్లకాగితపు ముక్కలు బజార్లో దొరుకుతాయి. వాటితో పెడితే ఫోటో నడుమ ఉబ్బుతుందని గంజి కాచాను. మా ఇళ్లలో ఏది అతికించినా గంజితోనే. ముప్పై ఎనిమిదింటికీ వెనక అంతా పూసి, మడత లేకుండా ఒత్తాను.

ప్రదర్శన రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని బల్ల దగ్గర నిలబడ్డాను. నిర్వాహకుడొకడు వచ్చి పని శుభ్రంగా ఉందని మెచ్చుకుని, నా పేరు రాసిన ప్రశంసాపత్రం మీద సంతకం చేసి ఇచ్చాడు. అది నా చేతిలో ఉండగానే కాక వచ్చాడు. వెంట లచ్చమ్మ ఉంది. షాద్‌నగర్ నుంచి వచ్చింది. కాకతో కలిసి రెక్కలు కుట్టిన యాదగిరి భార్య. యాదగిరి ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు. కొడుకుకు ఆ విమానాల కర్మాగారంలోనే పని ఇవ్వాలంటే తండ్రి అక్కడ చేసినట్టు రుజువు తెమ్మన్నారట. కాక మూడో అట్టలో రెండో వరుస చూపించాడు.

"గది తియ్యి బిడ్డా. ఎనక యాదగిరి పేరున్నది, సాబు సంతకమున్నది."

"రాదు కాకా. అతికించిన."

"దేంతోని?"

"గంజితోని."

గంజి ఏం చేస్తుందో నేతవాడికి చెప్పాలా. కాక గోటితో మూల లేపాడు. విమానం బొమ్మ పొరగా లేచి వచ్చింది, వెనక కాగితం అట్టనే పట్టుకుని ఉండిపోయింది. లేచిన చోట ఊదారంగు మరక కనిపించింది. సిరా గంజిలో కరిగిపోయింది. కరుగుతుందని నాకు తెలియాలి. చదువుకున్నవాడిని నేను.

"అన్నా, ఆయన పేరు అందులనే ఉన్నదా?" అంది లచ్చమ్మ.

"ఉండె చెల్లే."

తర్వాత నాతో అన్నాడు. "మంచిగ అతికించినవ్. మీ అమ్మ కాసే గంజి గుడ గింత గట్టిగ పట్టదు."

ఆ అట్టనే కర్మాగారం ఆఫీసుకు మోసుకెళ్లాం. గుమాస్తా అటూ ఇటూ తిప్పి, "ఇమానం మంచిగున్నది. మనిషేడి?" అన్నాడు. ఆ రోజు సంతకమున్న కాగితంతో ఇంటికి వెళ్లింది నేనొక్కడినే. లచ్చమ్మ కొడుకు ఇప్పుడు షాద్‌నగర్‌లో లారీల మీద కప్పే పట్టాలు కుడతాడు.

వారం తర్వాత కాగితం, కలం పట్టుకుని కాక దగ్గరికి వెళ్లి పేర్లు చెప్పమన్నాను. మగ్గం ఆపలేదు.

"నువ్వు రాస్తె నీ రాతయితది. నా మాట సాలకనే గద సాబు రాత దాసుకున్న."

తిట్టి ఉంటే నాకు సులువయ్యేది. అటు తర్వాత ఆయన ప్రదర్శనకు వెళ్లలేదు. వాడ మీదుగా విమానం పోతే పిల్లలంతా బయటికి ఉరికేవారు, ఆయన తల ఎత్తేవాడు కాదు. నిరుడు పోయాడు. ఆయన భార్య నాలుగు అట్టలూ ఆ తువ్వాలలోనే చుట్టి నా చేతికిచ్చింది. "నువ్వు జేసినవే గద, నువ్వే పెట్టుకో," అంది.

మా ఆఫీసులో ఏ కాగితం వచ్చినా ముందు వెనక్కి తిప్పి చూస్తాను. తోటివాళ్లు నవ్వుతారు. కారణం చెప్పలేదు.

సాయంత్రానికి నాలుగు అట్టలూ నానాయి. విమానాలన్నీ గిన్నెలో పొట్టులా తేలుతున్నాయి. వెనక కాగితాలను భూతద్దంతో రెండుసార్లు చూశాను. యాదగిరి పేరు దొరకలేదు. మొత్తం పేర్లు నూట పద్నాలుగు. చదవగలిగినవి నాలుగు.