పెదకర్మ భోజనాల దగ్గరికి వచ్చిన కల్లుకుండ

1973లో నేను పటాన్‌చెరు దగ్గర ఒక ప్రభుత్వ కర్మాగారంలో వెల్ఫేర్ సెక్షన్ చూసేవాణ్ణి. అంటే కార్మికుల మంచిచెడ్డలు చూసే విభాగం. క్వార్టర్లలో ఎవరైనా పోతే ఆ ఇంట పొయ్యి వెలిగించరు కాబట్టి క్యాంటీన్ నుంచి టీ, ఉప్మా పంపడం, కర్మ భోజనాలకు కమ్యూనిటీ హాలు ఇప్పించడం నా పని. హాల్లో మాంసం వండకూడదు, కల్లు, సారా లోపలికి రాకూడదు. ఆ నియమాలు గోడ మీదే రాయించారు.

ఆ ఎండాకాలం ఫోర్‌మన్ సుబ్బారావు గారి తండ్రి రామయ్య గారు నిండు వయసులో పోయారు. కృష్ణా జిల్లా రైతు, కొడుకు దగ్గరికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. పెదకర్మ నాడు హాలు నిండా బంధువులు. విస్తళ్ళు వేస్తుండగా పక్క ఊరు పటేల్‌గూడ రైతు మల్లయ్య ఈతకల్లు కుండతో గుమ్మంలో నిలబడ్డాడు.

"లోపటికి తేకు మల్లన్నా, రూలు ఒప్పుకోదు," అన్నాను.

"మా దిక్కు దినం నాడు పోయినోళ్ళకు ఇష్టమైంది పెడ్తం సారూ. పెద్దాయనకు ఇదంటే పానం."

సుబ్బారావు గారి ముఖం ఎర్రబడింది. "మా నాన్న జన్మలో కల్లు ముట్టలేదు. అందరి ముందూ ఆయన పరువు తీయకు."

మల్లయ్య కుండ మళ్ళీ భుజానికెత్తుకున్నాడు. అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అంతలో రామయ్య గారి భార్య లేచి వచ్చింది.

"ఆగు మల్లయ్యా. ఆయన ఆదివారం ఆదివారం మీ ఇంటికి భారతం వినడానికని వచ్చేవారు. నిజమేనా?"

మల్లయ్య తల దించుకున్నాడు. "మా ఇంట్ల భారతం యాడిదమ్మా. ఇద్దరం పొలం ఒడ్డు మీద కూసొని వడ్ల ముచ్చట పెట్టుకునేటోళ్ళం."

"తెలుసులే. ఇంటికొచ్చాక ఆ భారతం గుప్పున కొట్టేది. కొడుక్కి తెలియకూడదని నేనే తమలపాకులు చుట్టి ఇచ్చేదాన్ని."

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత హాలంతా నవ్వింది. సుబ్బారావు గారు కండువాతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు.

"ప్రహరీ బయటైతే అభ్యంతరమా?" అని నన్నడిగారు.

"బయట నా రూలు లేదండీ."

కుండ ఆయనే మోసుకెళ్ళారు. మోదుగాకు దొప్పలో పోసి ముందు తండ్రి పేర నేల మీద పెట్టారు, తర్వాత మల్లయ్యకిచ్చారు.

"నువ్వు గూడ జెర సూడు బిడ్డా," అన్నాడు మల్లయ్య.

ఆయన ఒక్క గుక్క తాగి మొహం చిట్లించారు. "పుల్లగా ఉందే."

"మీ నాయన గూడ మొదటిసారి గిదే మాటన్నడు."

చావు జరిగిన ఇంటివాళ్ళకు నియమాలు చదివి వినిపించడం ఆ రోజుతో మానేశాను. పోయినవాళ్ళకు ఏది ఇష్టమో ముందు అడిగేవాణ్ణి. గోడ మీది అక్షరాలు అలాగే ఉంచాను. ప్రహరీ బయట మాత్రం నీడలో ఒక బెంచీ వేయించాను.